కొలతకు మనిషి

నాకు చెవులు వినపడవు. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. సగంలో తెలిస్తే జనం మొహాలు జాలిగా పెడతారు, నాకు ఒళ్లు మండుతుంది. ఆరో ఏట మెదడు జ్వరం వచ్చి వినికిడి పోయింది. అప్పటికే మాటలు వచ్చేశాయి కనుక మాట్లాడతాను. ఎదుటివాళ్ల పెదాలు చూసి వాళ్ల మాట తెలుసుకుంటాను, అదీ తెలుగైతేనే. హిందీ పెదాలు ముప్పై ఏళ్లు చూసినా నాకు సగమే తెలుస్తాయి. మిగతా సగం రాసిమ్మని కాగితం చూపిస్తాను. రాయడానికి బద్ధకించి "ఏం లేదులే" అన్నట్టు చెయ్యి ఊపేస్తారు. ఆ చెయ్యి ఊపడం మాత్రం ఏ భాషలోనైనా నాకు బాగా అర్థమవుతుంది.

నా పేరు సూరీడమ్మ. మాది బొబ్బిలి దగ్గర పల్లె. వికలాంగుల కోటాలో వచ్చిన ఉద్యోగం నన్ను తీసుకొచ్చి హిమాలయాల్లో ఒక కొండమీది ఊళ్లో, అడవుల పరిశోధనశాలలో, పాత ఫొటోల గదిలో పడేసింది. చెమ్మ చేరకుండా, బూజు పట్టకుండా, ఎవరి వేలిముద్రలూ పడకుండా ఆ గదిని కాపాడటం నా పని. అందులో అన్నిటికన్నా పాతవి నలభై మూడు గాజు ప్లేట్లు. నూట పదేళ్ల కిందట ఒక అడవుల దొర మూడుకాళ్ల పెట్టె కెమెరా మోయించుకుంటూ తిరిగి తీసినవి. దేవదారు అడవులు, చీడ్ అనే పైన్ చెట్ల అడవులు, నరికిన దుంగల్ని కొండవాలు మీంచి నదిలోకి జార్చడం, కొత్తగా వేసిన నారుమళ్లు, అన్నీ ఉంటాయి వాటిలో.

పందొమ్మిది ప్లేట్లలో చెట్టు పక్కన ఒక మనిషి నిలబడి ఉంటాడు. అన్నిటిలోనూ అతనే. తలపాగా, మోకాళ్ల దాకా పంచె, చేతిలో కొలబద్ద. చెట్టు ఎంత పెద్దదో చూసేవాళ్లకు తెలియాలని దొర అతన్ని అలా నిలబెట్టేవాడు. రిజిస్టర్లో ప్రతి దాని కిందా ఒకటే తీరు రాత: "దేవదారు. చుట్టుకొలత ఇరవై రెండు అడుగులు. కొలతకు మనిషి." చెట్టుకు పేరుంది, కొండకు పేరుంది, అతనికి లేదు. అందుకని నేనే కొలతయ్య అని పేరు పెట్టుకున్నాను. పొద్దున గది తలుపు తీయగానే, ఏటి కొలతయ్యా, సలెలా ఉంది, అని పలకరించేదాన్ని. బదులు చెప్పడు, చెయ్యీ ఊపడు. ముప్పై ఏళ్లు నాకు ఆ ఊళ్లో అతని తోడే తోడు. సిగ్గుపడాల్సిన సంగతే గానీ నిజం.

హేమ వచ్చాక అది చెడింది.

హేమా బిష్ట్ అక్కడి కుమావూ కొండల పిల్ల, ముప్పై రెండేళ్ల శాస్త్రవేత్త. నన్ను దీదీ అంటుంది, ఫోన్లో రాసి చూపిస్తుంది, బద్ధకించదు. అందుకే ఆమె తెచ్చిన యంత్రాన్ని తిట్టినంతగా ఆమెను తిట్టలేకపోయాను. ఆ రోజుల్లో ఫొటో తీయాలంటే చీకటి అడవిలో లెన్సు మూత తీసి నిమిషం పాటు ఉంచేవారు. ఆ నిమిషమంతా వెలుగు వచ్చి ప్లేటు మీది వెండి పూతలో పేరుకుంటుంది. ముందు వచ్చింది అడుగున, తర్వాత వచ్చింది పైన. హేమ యంత్రం ఆ పూతను సన్నటి ఊదా వెలుగుతో పొర తర్వాత పొర లేపుతుంది. ఒక్కో పొర ఒక్కో క్షణం. అన్నీ వరసగా చూపిస్తే నూట పదేళ్ల కిందటి ఆ నిమిషం కళ్ల ముందు కదులుతుంది. కొమ్మలు ఎంత ఊగాయో చూసి అప్పటి గాలి, అప్పటి చెట్ల బలం లెక్క కడతారట.

కానీ ఉల్లిపాయ పొరలన్నీ వలిచాక చేతిలో ఏముంటుంది? యంత్రంలోంచి బయటికొచ్చేది ఉత్త గాజు పలక. పైగా ఆ యంత్రానికి కదిలిందే కనపడుతుంది. కదలకుండా నిలబడ్డది దానికి లెక్కలేదు, అది చెత్తలో పోతుంది. ముందే కంప్యూటర్లోకి కాపీలు తీశాం కదా దీదీ అని హేమ రాసింది. కాపీ అంటే ఫొటోకి ఫొటో. ఆ మనిషి ఒంటి మీద పడి వచ్చిన వెలుగు ఆ గాజు మీద ఉంది, మీ కంప్యూటర్లో లేదు అని నేను గట్టిగానే అన్నాను. నా గొంతు ఎంత గట్టిగా వస్తుందో నాకు తెలియదు. వరండాలో ఇద్దరు వెనక్కి తిరిగి చూశారు.

నా మాట ఎవరు వింటారు? డైరెక్టరు సంతకం పెట్టాడు. ఆరో నంబరు ప్లేటు నా కళ్ల ముందే కిటికీ అద్దమైపోయింది. దాన్ని తిరిగి దాని గూట్లో పెట్టి ఆ పూట అన్నం తినలేదు.

తొమ్మిదో నంబరు కొలతయ్య ఉన్న ప్లేటు. ఆ రోజు గదిలోంచి బయటికి రాకూడదనుకున్నాను. హేమే వచ్చి చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది. తెర మీద నల్లటి చీకటి, అందులో దేవదారు కొమ్మలు పైకీ కిందకీ ఊగుతున్నాయి. కింద గాలికి కదిలే పంచె కొస. మాను లేదు, మనిషి లేడు. మనిషి ఉండాల్సిన చోట, అయిదున్నర అడుగుల ఎత్తులో, రెండు పెదాలు కదులుతున్నాయి. దేవుడికి మొక్కుకుంటున్నాడేమో అని హేమ రాసింది.

మొక్కు కాదు. నాలుక పైకి అంటి విడింది, నోరు బాగా తెరుచుకుంది, పెదాలు ఒకసారి కలిసి విడిపోయి మళ్లీ కలిసి మూసుకున్నాయి.

"లాభం," అన్నాను. తర్వాత అతనితో పాటే నేనూ అన్నాను. "రెండు. మూడు. నాలుగు."

మా వైపు కళ్లంలో ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. జ్వరం తగ్గి లేచిన ఏడు మా అయ్య ధాన్యం కొలుస్తుంటే నేను రాశి పక్కన కూచుని ఆయన నోటికేసి చూస్తున్నాను. ఆయన అది గమనించి కొలత నెమ్మది చేసి, ప్రతి అంకెకీ నోరు పెద్దగా తెరిచి నా వైపే చూస్తూ లెక్కపెట్టాడు. మిగతా రైతులు విసుక్కున్నా మానలేదు. నేను పెదాల మీద చదివిన మొదటి మాట లాభం. ఆ మాట హిమాలయాల్లో, దేవదారు చెట్టు కింద, పేరు లేని మనిషి పెదాల మీద చూశాను. అక్కడే తెర ముందు నేల మీద కూచుని ఏడ్చాను. ఏమైంది దీదీ, ఏమైంది అని హేమ పాపం రాస్తూనే ఉంది.

అంటే కొలతయ్య తెలుగువాడు. మా వైపువాడే. తర్వాత పాత కాగితాలు తిరగేస్తే దొర ఇక్కడికి రాకముందు మా ఏజెన్సీ అడవుల్లో పనిచేశాడని తేలింది. అక్కణ్ణించి బదిలీ అయినప్పుడు కెమెరాతో పాటు ఈ మనిషినీ వెంటబెట్టుకొచ్చాడు. రిజిస్టరు మొదటి పేజీలో రాసుకున్నాడు కూడా: "నా మనిషి అరవై లెక్కపెడతాడు. గడియారం కన్నా నమ్మకం." ఆ అరవై ఏ భాషలోనో రాయలేదు. దొర మూత తీసేవాడు, ఇతను లెక్కపెట్టి అరవై కాగానే "సాలు దొరా" అనేవాడు, దొర మూత పెట్టేవాడు. అదీ వాళ్ల పద్ధతి.

ఇక నా సంగతి చెప్పడానికి సిగ్గేస్తోంది. అంతదాకా యంత్రానికి అడ్డం పడ్డ మనిషిని, మర్నాటి నుంచి నేనే పెట్టె పట్టుకుని హేమ గది ముందు నిలబడటం మొదలుపెట్టాను. ఇది తియ్యి, ఇప్పుడిది తియ్యి. పన్నెండో ప్లేట్లో ఇరవై నాలుగు తర్వాత "సలి" అన్నాడు. పదిహేడులో ముప్పై దగ్గర "ఈగ" అని ఆగి, మళ్లీ అక్కణ్ణించే అందుకున్నాడు. నవ్వొచ్చింది. ఇరవై ఎనిమిదిలో లెక్క మధ్యలో "పిల్ల" అన్నాడు, అంతే, ఇంకేం లేదు. దొరకు పనిమాటలు నాలుగు తప్ప తెలుగు రాదు కనుక ఆ అరవై అంకెల సందుల్లో అతను తన మాటలు దాచుకుంటున్నాడు. ఒక్కో మాటకీ ఒక్కో ప్లేటు చెల్లించాను. మూడు నెలల్లో పద్దెనిమిది గూళ్లలో ఉత్త గాజు మిగిలింది. పొద్దున తలుపు తీస్తే పలకరించడానికి మొహం చెల్లేది కాదు.

కొలతయ్య ఉన్నవాటిలో మిగిలింది ఒక్కటే, నలభై మూడు. ఆఖరిది.

అది చెడిపోయిన ప్లేటు. వెలుగు ఎక్కువ తగిలి మసిబొగ్గులా అయింది. దాని కింద దొర రాత: "నారుమడి. దేవదారు మొక్క, ఎత్తు తొమ్మిది అంగుళాలు. కొలతకు మనిషి. పాడైంది. లెక్క తప్పింది." కాపీ తీస్తే నల్లటి చదరం తప్ప ఏమీ రాలేదు. కానీ దీపం ముందు ఒక వాలులో పట్టుకుంటే నాకు మాత్రం కనిపిస్తుంది. పక్కన ఉన్నది చిన్న మొక్క కనుక కెమెరా దగ్గరికి తెచ్చారు, అతను మొక్క పక్కన గొంతుక్కూచున్నాడు. మొహం పెద్దగా పడింది. కొలతయ్య మొహం అంటూ ఉన్నది అదొక్కటే. ముప్పై ఏళ్లుంటాయి, చెంప మీద మచ్చ. లెక్క ఎందుకు తప్పాడో ముప్పై ఏళ్లుగా అడుగుతూనే ఉన్నాను.

చెడిపోయిన ప్లేటుతో గాలి లెక్కలు తేలవు కనుక హేమకు అది అక్కర్లేదు. నువ్వు రిటైరయ్యే లోపు చూడాలనుకుంటే చూడు, వద్దనుకుంటే మూసి పెట్టు, నీ ఇష్టం దీదీ అని రాసింది. నా రిటైర్మెంటుకు నెల ఉంది. చూస్తే ఆ మొహం ఈ లోకంలో ఇంకెక్కడా ఉండదు. చూడకపోతే అతను అన్న మాట ఎవరికీ తెలియదు.

ఆదివారం తమ్ముడు గౌరునాయుడు ఫోన్లో కనిపించాడు. వారానికి ఒకసారి నేను తెలుగు చూసేది వాడి మూతి మీదే. ఈ నెలాఖరుకి వచ్చేస్తున్నావు కదా, పార్వతీపురంలో మా ఇంటి మేడ మీద గది ఖాళీ చేయించాను అన్నాడు. చూస్తాన్లే అన్నాను. ముప్పై ఏళ్లుగా అదే చెబుతున్నాను. అక్కడికి వెళితే తెలుగు మూతులు చాలా ఉంటాయి, అవన్నీ నాకేసి తిరగాలని ఏముంది? అదీ నా భయం. ఇంతలో వాడి భార్య పక్కనుంచి ఏదో అంది. వాడు అటు తిరిగి రెండు నిమిషాలు మాట్లాడి ఇటు తిరిగాడు. ఏమంది అని అడిగాను.

"ఏటీ లేదులే అక్కా," అన్నాడు.

ఫోన్ పెట్టేశాను. వాడి మీద కోపం లేదు, అలవాటే. కానీ నేను కొలతయ్యకు చేస్తున్నది ఏమిటి? ఒక మనిషి నా కళ్ల ముందు నోరు తెరిచి మాట్లాడుతున్నాడు. నేను అతని మొహం నా దగ్గరే ఉండాలని ఆ మాటను పెట్టెలో మూసి తాళం వేస్తున్నాను. ఏం లేదులే అని నేనూ చెయ్యి ఊపుతున్నట్టే కదా. మర్నాడు పొద్దున్నే నలభై మూడు తీసుకుని హేమ దగ్గరికి వెళ్లాను. యంత్రంలో పెట్టే ముందు ఒకసారి దీపం ముందు వాల్చి మచ్చ చూసుకున్నాను.

అయిదు నిమిషాల వెలుగు ఉంది అందులో. ఈసారి పెదాలొక్కటే కాదు, మొహమంతా కదిలింది. నవ్వుతున్నాడు. పద్దెనిమిది ప్లేట్లలో మానులా నిలబడ్డ మనిషి ఇందులో చిన్నపిల్లాడిలా నవ్వుతున్నాడు. లాభం, రెండు అని మొదలుపెట్టి మూడు దగ్గర ఆపేశాడు. నేరుగా లెన్సుకేసి చూశాడు. ఆ పెట్టెలో మొహం పడుతుంది కనుక మాట కూడా పడుతుందనుకున్నాడేమో.

"ఓలే, నానే," అన్నాడు. "బాగున్నాను. నాకేటీ కాలేదు. సలెక్కువ, వరికూడు నేదు, రొట్టెలే. దొర నిన్న మాటిచ్చినాడు. ఈ మొక్క నా రొమ్ముకాడికి ఎదిగిన్రోజు ఇంటికి పంపించెత్తానన్నాడు. సూడు, అచ్చం మన సరుగుడు మొక్కే. సరుగుడైతే ఏడాదికే మనిసిని దాటిపోద్ది. ఇది సలిదేశం మొక్క, పోనీ రెండేళ్లనుకో. రెండేళ్లు ఎంతసేపు. పిల్లకి సెప్పు. నానే రోజూ నీళ్లు పోత్తన్నాను."

ఇదే మాట తిప్పి తిప్పి చెప్పాడు. మొక్క మీద అరచెయ్యి పెట్టి, తర్వాత ఆ చెయ్యి తన రొమ్ము దాకా ఎత్తి చూపించాడు, ఇంత, ఇంతే అన్నట్టు. సాలు దొరా అనడం మరిచేపోయాడు. దొర మూత పెట్టకుండా ఎదురుచూస్తూనే ఉండి ఉంటాడు. అయిదు నిమిషాల తర్వాత తెర నల్లబడింది. తన పేరు చెప్పలేదు, ఆమె పేరూ చెప్పలేదు. ఇంట్లో మనిషితో మాట్లాడేటప్పుడు పేర్లు ఎవరు చెప్పుకుంటారు, మా వైపు ఆలుమగలు అసలే చెప్పుకోరు.

ఏమన్నాడు దీదీ అని హేమ అడిగింది. యంత్రంలోంచి గాజు పలక తీసి దీపం ముందు ఎటు వాల్చినా నా మొహమే కనిపించింది.

సాయంత్రం తమ్ముడికి ఫోన్ చేసి సరుగుడు రొమ్ము ఎత్తు కావడానికి ఎన్నాళ్లు పడుతుందని అడిగాను. "సరుగుడా? ఆర్నెల్లు సాలు. ఏటక్కా, తోటేత్తావా?" అన్నాడు. అడవుల శాఖలో ముప్పై ఏళ్లున్నాను, దేవదారు సంగతి నాకు తెలుసు. దొరకూ తెలుసు. ఆ ప్లేటు తీయడానికి ఏడాది ముందు తన చేత్తో రాసిన నారుమళ్ల నివేదిక మా గదిలోనే ఉంది: ఈ కొండమీద దేవదారు మొక్క నాలుగడుగులు ఎదగాలంటే పదేళ్లు. ముల్లులాంటి ఆకు చూసి సముద్రపొడ్డు మనిషి సరుగుడు అనుకున్నాడు. దొర కాదని చెప్పలేదు. గడియారం కన్నా నమ్మకమైన మనిషిని పదేళ్లు కట్టేసుకోవడానికి ఒక మొక్క చాలింది. ఆ దొర మూడేళ్లకే ఓడెక్కి తన దేశం పోయాడు. మనిషి ఏమయ్యాడో ఏ కాగితంలోనూ లేదు. పదేళ్లూ నీళ్లు పోశాడో, మధ్యలోనే తెలుసుకున్నాడో, ఎక్కడ పోయాడో. నాకు వాడి మీద, ఆ చచ్చిపోయిన దొర మీద, ఎంత కోపం వచ్చిందంటే రిజిస్టరు చించేయబోయాను. కొలతయ్య గురించి ఉన్నదీ అందులోనే కదా అని మానుకున్నాను.

ఆఖరి వారం హేమను ఒక కోరిక కోరాను. మ్యూజియంలో ఉన్న దొర కెమెరా ఒక పూట కావాలి. ప్లేటు నేనే పూత వేసి తయారుచేశాను. ఇద్దరం పెట్టె మోసుకుంటూ పాత నారుమడికి ఎక్కాం. రిజిస్టర్లో ఉన్న నంబరు చెక్కిన రాయి నాచు కింద దొరికింది. దాని పక్కన దేవదారు. తల ఎత్తి చూస్తే మెడ నొప్పి పుట్టింది, చివర కనపడలేదు. చుట్టూ టేపు పట్టి కొలిచాను. చలిగా, మసగ్గా ఉంది, మా ఇద్దరికీ తప్ప ఆ కొండ ఎవరికీ అక్కర్లేనట్టుంది.

నేను సాలు అన్నప్పుడు మూత పెట్టు, అంతదాకా ముట్టుకోకు అని హేమకు ఆ ఒక్క తెలుగు మాట నేర్పాను. వెళ్లి మాను పక్కన గొంతుక్కూచున్నాను. మోకాళ్లు పట్టేశాయి. హేమ మూత తీసింది.

"లాభం," అన్నాను. "రెండు. మూడు."

నాలుగు రాలేదు. ఆ గాజు కన్నుకేసి చూస్తుంటే లెక్క ఎందుకు తప్పుతుందో అప్పుడు తెలిసింది.

"కొలతయ్యా, నానే," అన్నాను. "నీ మొక్క నీ రొమ్ము దాటీసి వందేళ్లయింది. నీకెవులూ సెప్పలేదు, నాను సెప్తన్నాను. ఇంక నీళ్లు పోయక్కర్లేదు. లే. ఇంటికెల్దాం."

ఇంకా ఏవేవో చెప్పాను. మేడ మీద గది సంగతి, తమ్ముడి సంగతి, బొబ్బిలిలో బండి దిగితే వచ్చే మొదటి గాలి సంగతి. ఎంతసేపు చెప్పానో తెలియదు. ఆ పిల్ల మాట తప్పే రకం కాదు, మూత చేత్తో పట్టుకుని అలాగే నిలబడింది.

ప్లేటు కడిగితే నల్లగా వచ్చింది. దాన్ని తీసుకెళ్లి ఆఖరి గూట్లో, ఆ ఉత్త గాజు పలక పక్కన పెట్టాను. ముప్పై ఒకటో తారీకున తాళాలు హేమ చేతిలో పెట్టాను. బండి టికెట్టు అప్పటికే సంచిలో ఉంది. వెళ్లే ముందు రిజిస్టరు తీసి దొర రాత కింద నా రాతతో రాశాను:

"నలభై నాలుగు. దేవదారు. చుట్టుకొలత ఎనిమిది అడుగులు. కొలతకు మనిషి. పాడైంది. లెక్క తప్పింది."